గురువారం బయానా అయింది

మా మాస్టరు పోయిన కబురు నాకు కోదాడలో, ఒక రిసెప్షన్ స్టేజీ మీద తెలిసింది. బుధవారం సాయంత్రం. పాటకూ పాటకూ మధ్య మా డ్రమ్స్ తమ్ముడు ఫోన్ చూసుకుని, కర్రలు ఒళ్లో పెట్టుకుని, "అక్కా, మాస్టరు పోయిండంట" అన్నాడు. ఆ పొద్దున్నే మిర్యాలగూడలోని ఇంటి నుంచి ఆయన ఫోన్ చేసి, "జర ఆయాసంగ ఉంది, దవాఖానకు పోయొస్త. మీరు నడిపియ్యిండ్రి" అని చెప్పారు. ఆ దవాఖానలోనే గుండె ఆగిపోయిందట. స్టేజీ కింద పెళ్లికొడుకు మేనమామ తర్వాతి పాట ఏదని సైగ చేస్తున్నాడు. పాడాను. ఏం పాడానో ఇప్పటికీ గుర్తు రాదు.

మాస్టరు మా ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయించేవారు. మమ్మల్ని నడిపించేదీ ఆయనే. నేను సూర్యాపేట నుంచి వెళ్లి పాడేదాన్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లలో మా పాట మోగుతుండగా పన్నీరు కూర తిననివాళ్లు తక్కువ. విన్నవాళ్లు ఇంకా తక్కువ. ఐస్‌క్రీం కౌంటరు తెరిచారంటే ముందు వరస ఖాళీ. నేను మూతి ముడుచుకుంటే మాస్టరు నవ్వేవారు. మాట్లాడేటప్పుడు కూడా క్లారినెట్ మూతికి బిగించే సన్నటి రీడు బద్దను బుగ్గన పెట్టి నానబెట్టుకునే అలవాటు ఆయనకు. అందుకే మాటలు నిదానంగా వచ్చేవి.

"తింటుంటె వాయించుడు తప్పు గాదు బిడ్డా. గని ఒక్కసారన్న జనం తినకుండ, మాట్లాడకుండ, ఉత్తగ కూసోని ఇనాలె."

పెళ్లికి మేళం మాట్లాడుకునేటప్పుడు మా వైపు బయానా ఇస్తారు. ఆకు, వక్క మీద కొంత డబ్బు పెట్టి చేతిలో పెడితే ఆ రోజు ఇక వాళ్లది. తర్వాత ఎవరడిగినా "బయానా అయింది" అనాల్సిందే. మాస్టరు ప్రతి నెలా మొదటి గురువారానికి తనకు తానే బయానా ఇచ్చుకునేవారు. ఎంత గట్టి ముహూర్తమున్నా సరే. పొద్దున్నే క్లారినెట్ పెట్టె ముందు ఆకు, వక్క పెట్టి దండం పెట్టుకున్నారంటే ఆ రోజు మాదే.

ఒకసారి కోదాడ వ్యాపారి ఒకాయన కూతురి పెళ్లికని ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"అదేంటండీ మాస్టారూ, బయానా అయిందంటారు! మాకంటే పెద్ద పార్టీ తగిలిందా?"

"పెద్ద పార్టీనే అయ్యా."

"ఎవరండీ?"

"మేమే."

ఎగతాళి చేస్తున్నారనుకుని ఆయన ఠక్కున ఫోన్ పెట్టేశాడు. మాస్టరు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె వంటింట్లోంచి, "పిల్ల లేదు, పిలగాడు లేడు, నెలనెలా పెండ్లే ఈ మనిషికి" అని దెప్పింది.

గురువారాలు వాళ్లింటి ముందుగదిలో, పక్కనున్న రైస్‌మిల్లు చప్పుడులో కూర్చునేవాళ్లం. చాయ్ తాగేదాకా ఎవరూ వాయిద్యం ముట్టకూడదు. "సీజన్ల ఫోను ఎటు పిలిస్తె అటు ఉరుకుతం. ఎటు ఉరుకుతున్నమో సూసుకునేటందుకు ఒక్క రోజన్న ఉండాలె గద" అంటూ ఒక్కొక్కరినీ అడిగేవారు, ముందు ముందు నువ్వేం చేస్తవ్ అని. డ్రమ్స్ తమ్ముడి మణికట్టు నొప్పి ఆ గదిలోనే బయటపడింది. పెళ్లిళ్ల హడావుడిలో పాపం ఎవరితో చెప్పుకుంటాడు? నన్నేమో, "ఈ శృతిల ఇంకెన్నేండ్లు గొంతు చింపుకుంటవ్ బిడ్డా? జర దించు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చప్పట్లు పడేది పై స్వరాలకే మరి. ఆయన మాత్రం వదల్లేదు. గురువారం వెంట గురువారం కూర్చోబెట్టి, కింది శృతిలో మళ్లీ మొదటి నుంచి పాడించారు. నాతోపాటు స్టేజీ ఎక్కిన అమ్మాయిల్లో గొంతు పోయి మానేసినవాళ్లున్నారు. నేనింకా పాడుతున్నాను. ఇది ఆయన పెట్టిన భిక్ష.

మధ్యాహ్నం నుంచి ఆయన సొంత బాణీ. అందులో మాటల్లేవు. అందరికీ తలా కొంత పంచారు, నాకు ఉత్త రాగం. సూర్యాపేటలో ఒక హాలు కిరాయికి తీసుకుని, భోజనాలు లేకుండా, కుర్చీలు మాత్రమే వేయించి దాన్ని వినిపించాలని ఆయన కోరిక. ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు. మొన్న ఎండాకాలంలో ఉండబట్టలేక అడిగాను, ఇంకెప్పుడు మాస్టరూ అని.

"ఆఖరు దొరుకుతలేదు బిడ్డా. దొరికినంక పిలుద్దం జనాన్ని. తొందరేముంది, గురువారాలు మస్తున్నయ్."

కోదాడ నుంచి అదే వ్యాన్‌లో, వాయిద్యాలతో సహా మిర్యాలగూడ వెళ్లాం. తెల్లారి అంతిమయాత్రకు మేళం కోసం వాడకట్టువాళ్లు ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. జోరు ముహూర్తాల రోజులు. ఎవరిని అడిగినా బయానా అయిందన్నారు. మేం మాత్రం ఒక్కరూ తప్పకుండా అక్కడే ఉన్నాం. మాకు ఏ పెళ్లీ ఎందుకు లేదో అప్పుడు తట్టింది. అది నెల మొదటి గురువారం. గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చేశాను.

వాకిట్లో టెంటు కింద జనం కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మ లోపలికి వెళ్లి క్లారినెట్ పెట్టె తెచ్చి ఆయన తలవైపు పెట్టింది. దాని ముందు ఆకు, వక్క పెట్టి మా వైపు తిరిగింది.

"ఊకె కూసున్నరేంది బిడ్డా? ఇయ్యాల బయానా నాది. వాయించుండ్రి."

ఏం వాయించాలని మేం అడగలేదు. పక్క మిల్లువాళ్లు మిషన్ ఆపేశారు. క్లారినెట్ లేకుండానే మొదలుపెట్టాం. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతు ఆయన దించిన శృతిలోనే నిలబడింది. చావింట్లో ఎవరు తింటారు? ఎవరూ మాట్లాడటం లేదు కూడా. ఉత్తగా కూర్చుని వింటున్నారు. ఆయన కట్టినంత వరకూ వాయించి, ఆయన ఆపిన చోట ఆపేశాం.

అయిపోయిందని వాళ్లకు తెలియలేదు. పాడె కడుతున్నవాళ్లు తాళ్లు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు. కుర్చీల్లోంచి ఒక్కరూ లేవలేదు. మిగతాది కూడా వాయిస్తామేమోనని మా వైపే చూస్తూ కూర్చున్నారు.