హాల్‌టికెట్‌కు కిటికీ

"నీ ఎంబడి ఎవలన్న పడ్డరారా, గట్ల చదువుతున్నవ్?" అని ఐలవ్వ ఒకసారి కొడుకును అడిగింది. శ్యాంసుందర్ తల తిప్పలేదు. గబగబా చదవడానికి అతను కొన్న యాప్ ఫోన్‌లో ఒక్కొక్క మాటనే మెరిపించి మాయం చేస్తుంది; రెప్ప వేస్తే, ఒక 'కాదు' జారిపోయి అర్థమే తిరగబడుతుంది. ఆ అలవాటు ముదిరి, నిండు పేజీ చూస్తే అతనికి కళ్లు తిరగసాగాయి. వయసు దాటకముందు రాయగలిగిన చివరి సర్కారు కొలువు పరీక్షకు కరీంనగర్ పోయి, ప్రశ్నపత్రం తెరవగానే అదే జరిగింది. వెంటనే హాల్‌టికెట్‌కు పెన్నుతో ఒక్క మాట పట్టేంత కిటికీ పొడిచి, దాన్ని వరసల మీద జరుపుతూ హాయిగా చదవసాగాడు.

కాపలా ఉన్న మేడం వచ్చి చూసింది. "ఫొటోల మొఖమేది తమ్మీ?" "టికెట్ మీది అక్షరాలు ఖరాబైతయని మొఖంల పొడిచిన మేడం." "మరి నువ్వెవలో ఎట్ల తెల్వాలె?" "అసలు మొఖం గిక్కడ్నే ఉన్నది గద." అతన్ని బయటికి పంపేశారు. యాప్ కోసం చెల్లె జమున దగ్గర తీసుకున్న పన్నెండు వందలు ఇంకా ఇవ్వాల్సే ఉంది.