టీవీలో కనిపించిన పరీక్ష పేపరు

మా అక్క లెక్కల టీచరు. మాతోనే ఉంటుంది. ఇంట్లో అందరికీ ఆవిడ తాళాలక్క. బీరువాకు తాళం, అందులోని అరకు తాళం, చివరికి పెన్నుల డబ్బాకూ తాళమే. ఆ తాళంచెవులు ఎక్కడ దాచిందో మర్చిపోతే ఇల్లంతా వెతకడం ఆదివారాల్లో మా కాలక్షేపం.

ఈసారి తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షకు లెక్కల పేపరు తయారుచేసే పని ఆవిడ మీద పడింది. మా అమ్మాయిదీ ఆ బడే, ఆ తరగతే. "మా మేనకోడలు రాసే పరీక్షండీ, ఇంకెవరికైనా ఇవ్వండి" అంటే, "మీ సంగతి నాకు తెలీదా!" అని హెడ్మిస్ట్రెస్ నవ్వేసిందట. ఆ మాట తలుచుకుని అక్క నాలుగు రోజులు మురిసిపోయింది.

గదికి గడియ పెట్టుకుని పేపరంతా చేత్తోనే రాసింది. కంప్యూటరును నమ్మదుగా! కాగితం పోతే ఎలా అని ఫోనులో ఫొటో తీసుకుంది. అసలుదాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది.

హాల్లో టీవీ ఎవరూ చూడనప్పుడు, మా అందరి ఫోన్లలోని ఫొటోలు దానంతటదే చూపించేలా పెట్టింది నేనే. "భలే ఉందిరా" అని మెచ్చుకున్నది అక్కే. ఆ సాయంత్రం నా పెళ్లి ఫొటో వచ్చింది, పక్కింటి పిల్లి వచ్చింది, ఆ వెనకే ప్రశ్నపత్రం వచ్చింది.

అక్క బయటికి వచ్చేసరికి మా అమ్మాయి టీవీ ముందు నోటుబుక్కుతో కూర్చుని ఉంది. ఆవిడ నా వైపు చూసిన చూపుకి నేను టీవీ వైరే పీకేశాను.

"మొత్తం చూశావుటే?"

"మాదిరి పేపరనుకున్నా అత్తా. మూడు లెక్కలు చేసేశా. నాలుగోదే తప్పు. ఆ కొలతలతో అసలు త్రిభుజమే రాదు."

"నేనిచ్చిన లెక్క తప్పా?"

అక్క నోటుబుక్కు లాక్కుని నేల మీదే కూలబడింది. తొమ్మిది, పన్నెండు, ఇరవై రెండు. చిన్నవి రెండూ రెండుసార్లు కూడింది, ఇరవై ఒకటే వచ్చింది. మొహం చిన్నబోయింది. నాకు చాలా సిగ్గేసింది. నిర్వాకం నాది, తల దించుకోవలసింది ఆవిడ.

"నేను మాట్లాడనా అక్కా?" అన్నాను.

"నువ్వు చేసింది చాల్లే" అని తనే హెడ్మిస్ట్రెస్‌కి ఫోను చేసింది. "పేపరు మా ఇంట్లోనే బయటపడిందండీ. ఇంకొకరిచేత వేరేది రాయించండి." నోటుబుక్కు మళ్లీ ఓసారి చూసుకుంది. "ఇంకోటండీ, అందులో నాలుగో లెక్క తప్పు. పట్టుకున్నది మా మేనకోడలు."

ఆ ఆఖరి మాట మాత్రం వీధిలోకి వినబడేలా చెప్పింది.