ఎర్మెక్ కాళ్ళకు నలుపు తెలుపు దారం

ఎర్మెక్ ఏడవని పిల్లాడు. ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డున ఆ వీధి వీధంతా వాణ్ణి మెచ్చుకునేది. ఎవరు చేతులు చాపినా పోతాడు, ఎవరి ఒళ్ళోనైనా నిద్రపోతాడు, ఆడమనిషి కనబడితే చాలు "అమ్మా" అంటాడు. పొగబెట్టిన చేపలమ్మే ఆవిడా అమ్మే, మందుల షాపులో పిల్లా అమ్మే, పక్కింట్లో పళ్ళూడిన ముసలావిడా అమ్మే. "అదృష్టవంతురాలివి బురుల్, ఎంత మంచి పిల్లాడు దొరికాడు నీకు" అనేవాళ్ళు. మంచివాళ్ళే పాపం, తెలియక అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా బురుల్ పిల్లాణ్ణి చంకనేసుకుని ఇంట్లోకి పోయేది.

నలభై ఒకటో ఏట ఆమె వాణ్ణి అనాథాశ్రమం నుంచి తెచ్చుకుంది. అంతకుముందు పదిహేడేళ్ళు బిడ్డ కోసం ఆమె చూపించుకోని డాక్టరు లేడు, మింగని మాత్ర లేదు. భర్త లారీ ఎక్కితే మూడు వారాలకు గానీ దిగడు. ఇంట్లో అత్తగారు, కుట్టుమిషను, ఇప్పుడు నాలుగు నెలలుగా ఈ పిల్లాడు. ఆశ్రమంలో ఆయాలు వంతులవారీగా పెంచారు కనుక వాడికి ఒడి అంటే ఒడే, అది ఎవరిదైనా ఒకటే. రేపు తను బజారుకెళ్ళి తిరిగి రాకపోతే వీడు ఇంకో ఒడి వెతుక్కుంటాడు, అంతే. ఈ బాధ ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే, పిల్లాడు ఏడవట్లేదని తల్లి ఏడుస్తోందని నవ్విపోతారు.

వాడికి మనుషులంటే ఎలా భయం లేదో నీళ్ళంటేనూ అలాగే లేదు. గేటు తీసుంటే చాలు, తిన్నగా సరస్సులోకి నడిచేవాడు. రెండోసారి మోకాలిలోతు దాకా పోయాక బురుల్ వాణ్ణి ఈతకొలనులో జోయా దగ్గర చేర్చింది. జోయా రష్యన్ మనిషి, ముప్పై ఏళ్ళుగా పసిపిల్లలకు ఈత నేర్పుతోంది, గొంతు మాత్రం సైన్యానికి నేర్పేవాళ్ళది. ఆమె దగ్గర తల్లులు కూడా పిల్లలతో నీళ్ళలో దిగాలి. బురుల్ దిగలేదు. కొండల్లో గొర్రెల వెనక పెరిగిన మనిషి. ఇన్నేళ్ళు సరస్సు పక్కన కాపురం చేసి పాదాలకు మించి తడుపుకోలేదు.

"నువ్వు దిగకపోతే వాడు ఎవర్ని పట్టుకుంటాడు?" అంది జోయా.

"మీరున్నారు కదండీ," అని బురుల్ నీళ్ళు నమిలింది.

"నేను వాడి తల్లినా?"

బురుల్ నవ్వినట్టు ముఖం పెట్టి, అవతలి గట్టు మీద బల్లెక్కి కూర్చుంది. ఎర్మెక్ మాత్రం జోయా మెడ పట్టుకుని "అమ్మా అమ్మా" అంటున్నాడు. నీళ్ళ మీద పడుకోబెడితే పడుకుంటాడు గానీ కాళ్ళు ఆడించడు. నాలుగు వారాలైనా అవి కర్రముక్కల్లా వేలాడాయి.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు టీ గిన్నె కింద పెట్టింది. ఆవిడ పేరు సైకల్. "ఎందుకాడతాయి? వాడి బంధం ఎవరైనా కోశారా?"

తప్పటడుగులేసే బిడ్డ కాళ్ళకు నలుపు తెలుపు ఉన్ని దారం పేని కట్టి, దూరం నుంచి పిల్లలకు పరుగుపందెం పెట్టి, ముందొచ్చినవాళ్ళ చేత దాన్ని కోయించడం ఆ ఊళ్ళో ఎవరూ మానని ముచ్చట. కోయకపోతే బిడ్డ బతుకంతా తడబడుతుందంటారు. ఎర్మెక్ ఈ ఇంటికి వచ్చేసరికే నడుస్తున్నాడు. ఆశ్రమంలో అంత తీరిక ఎవరికుంది?

"ఇప్పుడెందుకులే అత్తా, నడుస్తూనే ఉన్నాడుగా."

"నేల మీద నడుస్తున్నాడు. నీళ్ళలో వేసేది తొలి అడుగే కదా? అక్కడే కోయిద్దాం."

ముసలావిడ ఒకటి అనుకుందంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆగదు.

శనివారం సంచీ నిండా చాక్లెట్లతో కొలనుకొచ్చింది. జోయా పిల్లల చేతులకు తొడిగే గాలితిత్తులు తేవడానికి గదిలోకి వెళ్ళిందో లేదో, ఈమె ఎర్మెక్‌ని గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళకు దారం కట్టేసింది. తర్వాతి క్లాసుకొచ్చిన ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని అప్పటికే బురుల్ బల్ల దగ్గర, అవతలి గట్టున వరసగా నిలబెట్టింది.

"నేను చెయ్యి ఊపగానే ఈదుకుంటూ రండి," అని అరిచి చెప్పింది. "ముందొచ్చినవాళ్ళే కోయాలి. చాక్లెట్లన్నీ వాళ్ళకే."

"వాణ్ణి గట్టిగా పట్టుకో అత్తా," అంది బురుల్ బల్ల మీంచే.

"నలుగుర్ని పెంచాను. పట్టుకోవడం నాకు నేర్పకు."

అప్పుడే జోయా బయటికొచ్చింది. కట్టేసిన రెండు పాదాలు నీళ్ళలో వేలాడటం చూసి చేతిలో ఉన్నవన్నీ వదిలేసింది. "మతి ఉందా మీకు? కాళ్ళు కట్టి నీళ్ళ పక్కన కూర్చోబెడతారా?" అంటూ వాణ్ణి ఎత్తేసింది.

"నువ్వు అరవకు, బిడ్డ బతుకు సంగతి ఇది," అని సైకల్ వాడి పాదాలు వదల్లేదు. ఇద్దరి అరుపులకి అవతల పిల్లలు బిగుసుకుపోయారు. ఒక్కడూ దూకలేదు.

ఎర్మెక్ ఒకసారి జోయాని చూశాడు, ఒకసారి నాయనమ్మని చూశాడు. ఇద్దరూ అరుస్తున్నారు. కాళ్ళు కదలడం లేదు. అప్పుడు తల తిప్పి కొలను అవతల బల్ల కేసి చూశాడు. నోరు తెరిచాడు, ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన ఏడుపుకి కొలనంతా మారుమోగింది. జోయా బుజ్జగించబోతే ముఖం తోసేశాడు. నాయనమ్మని కట్టిన కాళ్ళు రెండూ కలిపి తన్నాడు. చేతులు రెండూ బల్ల వైపే చాపి "అమ్మా" అన్నాడు.

గట్టు చుట్టూ నడిచి రావచ్చన్న సంగతి బురుల్‌కి తర్వాత తట్టింది. కట్టుబట్టలతో నీళ్ళలోకి దిగిపోయింది. నీళ్ళు నడుము దాటి ఛాతీ దాకా వచ్చాయి. మధ్యలో కాలు జారి ఒకసారి పూర్తిగా మునిగి, ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గుతూ లేచి మళ్ళీ నడిచింది. ఇవతలికి చేరి జోయా చేతుల్లోంచి పిల్లాణ్ణి లాక్కుంది. వాడు ఆమె మెడ కరుచుకుని, తడిజుట్టు గుప్పిట పట్టుకుని ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

"ఏడువు నాన్నా, ఏడువు," అంది బురుల్. నవ్వుతోంది, ముక్కు కారుతోంది, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ముందు ఆ దారం కోయండి. కత్తెర తెస్తా," అంది జోయా.

"కత్తెర పనికిరాదు." సైకల్ జేబులోంచి చిన్న కత్తి తీసి కోడలికి చాపింది.

"తల్లి కోయకూడదేమో అత్తా..."

"ముందొచ్చినవాళ్ళు కోయాలి. ముందెవరొచ్చారు?"

బురుల్ కోసింది. దారం తెగి నీళ్ళలో పడింది. జోయా గొంతు తగ్గించి, ఎప్పటిలాగే చేతులు చాపింది. "రా బంగారం, ఈత కొడదాం."

ఎర్మెక్ ఆ చేతుల్ని చూసి, తల్లి భుజంలో ముఖం దాచుకున్నాడు.

జోయా చేతులు దించేసింది. "సరే. మంగళవారం ఇద్దరూ దిగండి," అంది.