హాట్‌ప్యాక్‌లో కోడిగుడ్లు

మేముండే క్వేకర్స్ హిల్‌లో గాలివానకు కరెంటు పోయేసరికి, మా ఇంక్యుబేటర్‌లోని కోడిగుడ్లు రేపో మాపో పిల్లలయ్యేలా ఉన్నాయి. లోపలి నుంచి కిచకిచలు కూడా వినిపిస్తున్నాయి. మా ఆయన వాటిని తువ్వాలులో చుట్టి, ఇడ్లీలు పట్టుకెళ్లే హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత బిగించారు.

"కొంచెం సందు వదలండి, వాటికి ఊపిరాడాలి," అన్నాను.

"హీట్ అంతా పోతుంది. నీకు తెలీదు, ఊరుకో."

కోడికంటే ఆయనకే ఎక్కువ తెలుసు మరి!

సాయంత్రం కరెంటు వచ్చాక మూత తీశారు. గుడ్లు వెచ్చగానే ఉన్నాయి గానీ, లోపల చప్పుడు లేదు. ఒక్కటీ పిల్ల కాలేదు. తప్పంతా కరెంటువాళ్లదేనట.

తర్వాతి శనివారం అదే హాట్‌ప్యాక్‌లో ఇడ్లీలు పెట్టుకుని హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లాం. ఇంకా పొగలు కక్కుతున్నాయే అని స్నేహితులు ఆశ్చర్యపోతే, మా ఆయన మురిసిపోయారు.

"ఒక్కసారి మూత పెడితే గాలి కూడా దూరదండీ!"