గోలెం పగలగొట్టి కట్టిన హోటల్

అరవైల మొదట్లో, నిజామాబాద్ ఊరు దాటగానే బోధన్ రోడ్డు మీద నేను కట్టిన హోటల్లో పింగాణీ స్నానపు తొట్లు ఉండేవి. బొంబాయి నుంచి తెప్పించాను. చక్కెర ఫ్యాక్టరీ పనుల మీద వచ్చే ఇంజినీర్లు, వ్యాపారులు ఇంత సుఖం ఇక్కడ దొరుకుతుందనుకోలేదని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు.

ఆ స్థలం కొన్నప్పుడు అక్కడ ఒక బావి, పక్కన రాతి గోలెం ఉండేవి. చెరకు బండ్ల ఎద్దులు బోధన్ పోతూ ఆ గోలెంలో నీళ్లు తాగేవి. ఎవరో తల్లి చనిపోయిన కొడుకు పేరున దాన్ని తొలిపించిందని చెప్పేవారు. నేను దాన్ని పగలగొట్టించి ముందు హాలు పునాదిలో వేయించాను. బావిని కాంపౌండులో కలుపుకున్నాను.

ఎద్దుల అలవాటు సంగతి నాకు తట్టలేదు. చెరకు కాలంలో బండివాళ్లు సగం నిద్రలోనే వస్తారు. దారి ఎద్దులకే తెలుసు. హోటల్ తెరిచిన ఏడాది ప్రతి జోడీ నా గేటు ముందుకొచ్చి ఆగిపోయేది. తోక మెలిపెట్టినా కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం హైదరాబాద్ అతిథుల కార్లు రావలసి ఉండగా, ఒక ముసలి రైతు బండి గేటుకు అడ్డంగా ఆగింది. ఒక ఎద్దు నోట నురగ కారుతోంది.

"రెండు బొక్కెనల నీళ్లు పోయించు సేటూ. గోలెం తీసేసిన్రని దీనికేం ఎర్క?"

వెనక బండి మీద అతని తమ్ముడి కొడుకు నవ్వాడు. "రూము తీసుకో పెద్దబాపూ! లోపట పెద్ద తొట్లున్నయంట, ఎద్దు పండుకొని తాగుతది."

ఆ నవ్వు నాకు తగిలింది. ఒక్క బండికి పోస్తే రేపు అన్నీ ఇక్కడే విడుస్తారనిపించింది.

"ముంగట వాగున్నది, ఆడ తాపుకో. బండి తియ్యి."

"వాగుదాంక పోతదా ఇది? జర సూడు సేటూ."

నేను చూడలేదు. చౌకీదారుకు సైగ చేశాను. అతను కర్రతో పొడిచి బండి కదిలించాడు.

వాగుకు ఇవతలే, మిట్ట ఎక్కుతూ ఆ ఎద్దు పడి చనిపోయింది. చెరకు ఎండకముందే ఫ్యాక్టరీ చేరాలి కనుక ముసలాయన కాడి కింద తన భుజం పెట్టాడట, వెనకవాళ్లు తోశారట. చౌకీదారు వచ్చి చెప్పేసరికి నేను అతిథులతో భోజనానికి కూర్చోబోతున్నాను. కూర్చున్నాను కూడా.

అప్పటి నుంచి ముందు హాలులో నడిస్తే కాళ్ల కింద చప్పుడు వినిపించేది. ఎద్దు ముట్టె ముంచి నీళ్లు లాగుతున్నట్టు, ఆగకుండా, తీరకుండా. మేస్త్రీని పిలిపిస్తే నేలకు చెవి ఆనించి ఏమీ లేదన్నాడు. అతిథుల్లో ఎవరికీ వినబడలేదు.

మరుసటి ఏడు బండ్లు మొదలవగానే గేటు బయట బొక్కెనలు నింపి పెట్టి, నేనే నిలబడ్డాను. ఎద్దులు ఆగాయి. నీటి వాసనకు మెడలు సాచాయి. ముందు బండి మీద ఆ తమ్ముడి కొడుకే ఉన్నాడు.

"తాగనియ్యి బిడ్డా," అన్నాను.

"వద్దు సేటూ. ఈ నీళ్లు ముట్టియ్యద్దన్నడు మా పెద్దబాపు."

పగ్గం బిగించి లాగాడు. ఎద్దులు మెడలు నావైపు తిప్పుకొనే నడిచాయి. వెనక బండ్లన్నీ అలాగే పోయాయి.