బుగ్గ కొలత

లసుమవ్వకు ఈ లోకంలో రోత పుట్టించేది ఒక్కటే, మొగడు లక్ష్మీరాజం నోట్లోని తంబాకు ముద్ద. సిరిసిల్లలో వాళ్ల ఇంటి గోడ మూలలు, గిన్నెలు తోమే జాలారు, మెట్ల సందులు అన్నీ ఉమ్మి మరకలే. పెళ్లై వచ్చిన నాటి నుంచి కడుగుతూనే ఉంది. "థూ, నా బతుకంత నీ ఉమ్ములు కడుగుడే అయింది" అని పొద్దున మొదలుపెడితే పొయ్యి మీద అన్నం ఉడికేదాకా ఆపేది కాదు. ఆయనకు అదంతా చెవిటివాడి ముందు శంఖం.

ఆ పాడు అలవాటు సాంచెల దగ్గర అంటుకుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. నూలు ఉన్నచోట నిప్పు పనికిరాదు. బీడీ ముట్టించినవాణ్ని సాంచెల యజమాని, ఆసామి, మెడపట్టి గెంటుతాడు. అందుకే సాంచెలు నడిపేవాళ్లు బుగ్గన తంబాకు ఇరికించుకుని షిఫ్టు గడిపేవారు. లక్ష్మీరాజం ఎడమ బుగ్గ ఎప్పుడు చూసినా ఉబ్బే ఉండేది. ఒకసారి సాంచెలో అటూ ఇటూ నూలు మోసే నాడె ఎగిరొచ్చి కొట్టడంతో ముక్కు కూడా ఒక పక్కకు వంగిపోయింది. ఊపిరితిత్తుల సంగతి సరేసరి, నూలు దుమ్ము తినేసింది. ఇప్పుడు వాకిలి దాటితే ఆయాసం.

జగిత్యాలలో ఛాతీ డాక్టరమ్మ ప్రణీత పరీక్షలన్నీ చేసి, నిద్రలో చెడు గాలి లోపలే నిలిచిపోతోందని చెప్పింది. మాస్కు పెట్టుకుని గాలి మిషన్ మీద పడుకోకపోతే ఒకనాడు నిద్రలోంచి లేవడట. తంబాకు సంగతి అడిగితే "ఇడిసిపెట్టిన మేడం, కొండగట్టు అంజన్న మీద ఒట్టు" అన్నాడు. లసుమవ్వ కూడా నమ్మింది. నిజంగానే గోడలు సాఫుగా ఉంటున్నాయి మరి. బుగ్గ ఇంకా ఉబ్బుందేమంటే, పన్ను వాపన్నాడు.

షాపులో దొరికే మాస్కు ఏదీ ఆ వంకర ముక్కు మీద ఆనలేదు. గాలి పక్కల నుంచి తన్నుకొచ్చి కళ్లలో కొట్టేది. చివరికి ప్రణీతే ఆయన ముఖాన్ని చుట్టూ స్కాన్ చేసింది. ఆ కొలతలతో త్రీడీ ప్రింటింగ్ మిషన్ మీద పొర మీద పొర పోసి అచ్చు తీయించి, అందులో మెత్తటి మాస్కు పోయించి తెప్పించింది. అది ముఖానికి అతుక్కుపోయినట్టు కూర్చుంది. ఆయన కంటినిండా నిద్రపోతుంటే లసుమవ్వ కొండగట్టు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది.

ఆ సంబరం కోరుట్లలో తీరింది. బిడ్డ శ్రీలత ఇంటికి పోయినప్పుడు, మధ్యాహ్నం తిని మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికే ఎడమ పక్క గాలి బుస్సుమనడం మొదలైంది.

"అవ్వా, జల్ది రా! నాయిన పెదవులు నల్లవడ్డయి!" అని శ్రీలత అరిచింది.

లేపి కూర్చోబెట్టి, కాస్త తేరుకోగానే ఆటోలో జగిత్యాలకు బయలుదేరారు. దారిలో ఒంటికి వస్తోందని దిగి, ఒక పాన్ డబ్బా వెనక్కి పోయొచ్చాడు. ఆస్పత్రిలో అడుగు పెడుతూనే లసుమవ్వ డాక్టరమ్మ మీద విరుచుకుపడింది.

"ఏం మాస్కు ఇచ్చినవ్ బిడ్డా? నీ మిషన్ల మన్నువడ, మనిషి సచ్చేటట్టుండె!"

ప్రణీత నొచ్చుకోకుండా మాస్కు పెట్టి మిషన్ నడిపింది. చుక్క గాలి పోలేదు. ఆమెకూ అంతుపట్టక, కంప్యూటర్‌లో మొదటి స్కాన్ తెరిచింది.

"ఎడమ బుగ్గ ఇక్కడ ఇంత ఉబ్బుంది. ఆ రోజు పన్నేమైనా వాచిందా పెద్దయ్యా?"

లసుమవ్వ తెర వంక చూసింది. మొగడి వంక చూసింది. ఆ ముద్ద ఆమెకు తెలియనిదా?

"నోరు తెరువు."

"ఏమే, డాక్టరమ్మ ముంగట..."

"తెరువుమన్ననా!"

తెరిచాడు. వాసన గుప్పుమంది. చిగుళ్లకూ బుగ్గకూ నడుమ నల్లటి ముద్ద. ఉమ్మితే దొరికిపోతానని ఇన్నాళ్లూ రసం మింగుతున్నాడన్నమాట. లసుమవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"థూ, నీ సిగ్గు పాడుగాను! గోడలు సాఫుగున్నయని మురిసిన. కడుపుల ఉమ్ముకుంటున్నవా?"

"మాస్కు మళ్లీ చేయించాలి. కానీ అది ఒక్క ముఖానికే కుదురుతుంది" అంది ప్రణీత. "తంబాకు మానేస్తారా, లేదా? ముందు అది తేల్చండి పెద్దయ్యా."

లక్ష్మీరాజం తల వంచుకుని గొణిగాడు. "కోరుట్లల తంబాకు అయిపోయింది, గంతే. మల్ల కొలుసుడెందుకు మేడం? గిదే ఉండనియ్యుండ్రి. ముద్ద వెట్టుకుంటె మంచిగనే కుదురుతుంది గదా."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఈయన ఆ పుడకలు కూడా తనే పేర్చుకునేటట్టున్నాడు. లసుమవ్వ ఆయన దవడ పట్టుకుంది. అతని నోట్లో రెండు వేళ్లు పెట్టి ముద్దను పెకలించి బయటికి లాగింది. చొల్లు మోచేతి దాకా కారింది.

"గిప్పుడు తియ్యి బిడ్డా కొలత."

తెర మీదికి కొత్త ముఖం వచ్చింది. ఎడమ బుగ్గ గుంతపడి ఎముకకు అంటుకుంది. ఇంతకాలం ఆ ఉబ్బు చూసి, మనిషి ఇంకా కండ పట్టే ఉన్నాడనుకుంది లసుమవ్వ. అదంతా తంబాకే.

"ఇగ ముట్టనే. నీ మీద ఒట్టు" అన్నాడు లక్ష్మీరాజం.

"నీ ఒట్లు నాకద్దు. గీ ముఖానికి మాస్కు రానీ. నోట్లె ముద్ద వెట్టుకుని పండుకున్ననాడు గాలి బుస్సుమంటది, నాకు ఇనవడ్తది. ఇనవడ్డా నేను లేస్తనో లేవనో, నువ్వే సూసుకో."

అని, చెయ్యి కడుక్కోవడానికి నల్లా ఎక్కడుందని ప్రణీతను అడిగింది.