మైలుతుత్తం తిన్న బురద

ఆ ఏడాది మా ప్లాంటులో ఏం జరిగిందో ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. విచారణ రోజున కూడా గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, సాయంత్రం కాగానే "ఇక మీరు వెళ్లొచ్చు" అన్నారు. లోపలివాళ్లకు చాయ్ తీసుకెళ్లిన మనిషి నన్ను దాటుకునే వెళ్లాడు. అదీ నాకు గుర్తుంది.

నేను సూరత్‌లో ఒక మురుగునీటి శుద్ధి ప్లాంటు ల్యాబులో కెమిస్టుగా చేశాను. మా నాన్న రైల్వే ఉద్యోగం కోసం వచ్చిన ఊరు, మేం ఇక్కడే ఉండిపోయాం. మా ప్లాంటుకొచ్చే మురుగులో ఇళ్ల నీళ్లతో పాటు, జరీ తీగకు పూత పూసే చిన్న చిన్న కార్ఖానాల నీళ్లు కూడా దొంగచాటుగా కలిసేవి. వాటిలో రాగి ఉంటుంది. మురుగును తిని నీటిని తేటపరిచేది గాలి పట్టించే తొట్టిలోని బురద. అందులోని సూక్ష్మక్రిములే మా అసలు పనివాళ్లు. మామూలు క్రిములు రాగికి చస్తాయి. మావి చావవు. ఏళ్ల తరబడి చచ్చినవి చావగా, తట్టుకున్నవే అక్కడ మిగిలాయి.

లాక్‌డౌన్‌లో కార్ఖానాలు మూతపడ్డాయి. తొట్టిలోకి ఒట్టి ఇళ్ల నీళ్లే వచ్చాయి. రిపోర్టులు బాగున్నాయని మా మేనేజరు సంబరపడ్డాడు. ఆయన్ని అందరం సాహెబ్ అనేవాళ్లం. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. రాగి లేకపోతే మామూలు క్రిములు పెరిగి, రాగికి ఓర్చుకునేవాటిని పక్కకు నెట్టేస్తాయి. కార్ఖానాలు తెరిచిన వారానికి తొట్టి మొత్తం చస్తుంది. కొంత బురదను విడిగా కాపాడుకుందామని కాగితం రాసిచ్చాను. సాహెబ్ చదవకుండానే పక్కన పెట్టి, "ముందు మనుషుల్ని బతకనీ భాయ్" అన్నాడు.

సరే, నేనే కాపాడుకుందామనుకున్నాను. ఒక నీలం డ్రమ్ములోకి బురద తోడి, చేపల తొట్టికి వాడే చిన్న గాలిపంపు తగిలించాను. రోజూ బెల్లం నీళ్లు, కొద్దిగా యూరియా, చిటికెడు మైలుతుత్తం. మైలుతుత్తంలో ఉండేది రాగే. మరమగ్గాలు ఆగిపోయి మా దగ్గర కూలికి చేరిన సిరిసిల్ల వైపు పెద్దాయన ఒకాయన నాకు సాయం చేసేవాడు.

"ఏంది సారూ, ఒక చేత్తోని బెల్లం పెడ్తరు, ఇంకో చేత్తోని ఇషం పోస్తరు. గివి మీకు సుట్టాలా, పగోళ్లా?"

"చుట్టాలే. రాగి అలవాటు తప్పకూడదని పోస్తున్నా."

"మా అత్త గూడ నన్ను గిట్లనే సూసుకునేది."

కార్ఖానాలు తెరుస్తారన్న మాట వినబడుతుండగా నాకు జ్వరం తగులుకుంది. కరోనా అన్నారు. గదిలో ఒక్కణ్నీ పడి ఉన్న రోజుల్లో ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. పెద్దాయన మాత్రం చేసి, "బెల్లం ఏసిన సారూ" అని చెప్పేవాడు. తర్వాత అదీ ఆగిపోయింది.

తిరిగి వెళ్లేసరికి డ్రమ్ము లేదు. నేల మీద గుండ్రటి మరక ఉంది.

"గల్లీలల్ల కరోనా మందు కొట్టేటోళ్లు తీస్కపోయిండ్రు సారూ. గా హైపో, బ్లీచింగ్ అసొంటి మందు, కలపనీకి డ్రమ్ములు సాల్తలేవంట. నేను అడ్డం నిలవడ్డ. ముట్టకుండ్రి, దాంట్ల మా సారు పెంచే క్రిములున్నయన్న."

"అయినా తీసుకెళ్లారా?"

"గా మాటకే బెదిరిండ్రు. క్రిములా అని ఎగిరి దుంకిండ్రు. సాహెబ్‌కు ఫోన్ గొట్టిండ్రు. ముందుగాల గవ్వి మోరీల పారబొయ్యిమన్నడంట. మీదికెల్లి బ్లీచింగ్ సల్లిండ్రు. నేను నోరు మూస్కున్నా బాగుండు సారూ" అన్నాడు.

ప్రతిదానికీ కోపం తెచ్చుకునే మనిషిని నేను. ఆయన మీద మాత్రం రాలేదు. ఉన్నమాటే చెప్పాడు కదా.

కార్ఖానాలు తెరిచారు. వారం తిరక్కుండానే తొట్టి మీద తెల్లటి నురగ లేచింది, బురద నల్లబడింది, కంపు గేటు దాకా వచ్చింది. సాహెబ్ ట్రాక్టర్లతో పేడ తెప్పించి పోయించాడు. కొత్త తొట్టికి పేడతో తోడు వేయడం మా పనిలో వాడుకే. కానీ పేడలోని క్రిములు రాగినెప్పుడు చూశాయి? పోసినవి పోసినట్టే చచ్చాయి. తొట్టి మళ్లీ కోలుకోవడానికి నెలలు పట్టింది. ఈలోగా కరోనా మందు కొట్టిన బృందానికి సన్మానం చేశారు. ఆ ఫోటోలో ముందు వరసలో నా డ్రమ్ముంది.

చివరికి విచారణ నివేదికలో, ల్యాబు ముందుగా హెచ్చరించలేదని రాశారు. నేను పర్మనెంటు ఉద్యోగిని కాబట్టి మెమోతో సరిపెట్టారు. పెద్దాయన్ని నిర్లక్ష్యమని పేరు పెట్టి పనిలోంచి తీసేశారు. వెళ్లేటప్పుడు, "ఊకోండ్రి సారూ, మనమెంత" అన్నాడు. ఊరుకోవడం నాకు చేతకాదు. అలసిపోయాను, ఆ మాట నిజమే. అయినా ఊరుకోలేను. ఈ చివరి మాట సాహెబ్‌కే.

సాహెబ్, ఆ డ్రమ్మును కాపాడాలని చూసింది మొత్తం ప్లాంటులో ఇద్దరమే. అందులో ఒకాయన దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన చేసిన నిర్లక్ష్యం ఏమిటి? నాకు చెప్పకపోయినా పర్వాలేదు, ఆయనకు చెప్పండి. జవాబు రాసి పంపండి.